పరదేశుల కళ్ళలో మన అడవి

(ఉపవాచకం)

పాఠం ఉద్దేశం: వేడి దేశాల అడవులను వేరువేరు కాలాలలో వచ్చిన పరదేశ యాత్రికులు, ప్రకృతి శాస్త్రజ్ఞులు ఏ విధంగా చూచారో తెలియజేయడం, ఆ అడవులలోని చెట్లకు, జీవులకు మన పూర్వులు పెట్టుకొన్న పేర్ల విలువను గుర్తింపజేయడం.

బాలలారా!

మీరు డేరాలో నివసిస్తున్నారు. ఖోర్ అని పిలిచే సముద్రపు పాయ ఒడ్డున, అబ్రా పడవలు ఆగే రేవుకు దగ్గరగా, సుగంధ ద్రవ్యాల బజారు ఉన్నది. అమ్మానాన్నలతో ఏనాడైనా మీరు ఆ సందులలో నడిచే ఉంటారు. అక్కడ గోతాములలో మిరియాలు, ఏలకులు, లవంగాలు, దాల్చినచెక్క, జాజికాయలు పోసి ఉంటాయి. ఆ వాసన వీధి మలుపు తిరగకముందే ముక్కుకు తగులుతుంది.

ఆ వాసన ఎక్కడిది? ఇసుక నేలది కాదు. వానలు విస్తారంగా కురిసే వేడి దేశాల అడవులది. భూగోళంపై కర్కాటక రేఖకు, మకర రేఖకు మధ్య ఉన్న భాగాన్ని ఉష్ణమండలం అంటారు. మీ డేరా కర్కాటక రేఖకు కొద్దిగా ఉత్తరాన ఉన్నది. మన తెలుగునేల అంతా ఆ రేఖకు దక్షిణాననే ఉన్నది. నల్లమల, శేషాచలం, పాపికొండలు, విశాఖ మన్యం, ఆదిలాబాదు అడవులు ఇవన్నీ ఉష్ణమండలపు అడవులే.

ఈ అడవులను చూడడానికి పూర్వం ఎందరో పరదేశులు వచ్చారు. అందరూ చూచింది ఒకే రకమైన అడవులను. కాని ఒకరికి అవి వింతల పుట్టగా కనిపించాయి. ఒకరికి జ్వరాల గుహగా కనిపించాయి. ఒకరికి కలప కొట్టుగా, మరొకరికి చదువదగిన పుస్తకంగా కనిపించాయి. వీరిలో ఎవరు అడవిని సరిగా చూచారు? ఎందువల్ల చూడగలిగారు? ఈ పాఠంలో తెలుసుకొందాం.

వింతల అడవి

13వ శతాబ్దం చివర వెనిస్ నగర యాత్రికుడు మార్కోపోలో తన గ్రంథంలో ‘ముత్ఫిలి’ అనే రాజ్యాన్ని గూర్చి వ్రాశాడు. అది నేటి బాపట్ల జిల్లా తీరంలోని మోటుపల్లి రేవు అని చరిత్రకారులు నిర్ణయించారు. అది కాకతీయుల కాలంనాటి గొప్ప ఓడరేవు. అక్కడి కొండలలో వజ్రాలు ఉన్నాయనీ, ఆ లోయలనిండా భయంకరమైన పాములు ఉన్నాయనీ అతడు వ్రాశాడు. మనుషులు పైనుండి మాంసపు ముద్దలు విసిరితే వజ్రాలు వాటికి అతుక్కొంటాయట! ఆ మాంసాన్ని గ్రద్దలు పైకి తన్నుకొనిపోతే, వాటిని తరిమి వజ్రాలు ఏరుకొంటారట!

ఈ కథ మీకెక్కడో విన్నట్లు లేదా? అరబ్బుల కథలలో సింద్‌బాద్ నావికుడు రెండవ యాత్రలో చూచిన వజ్రాల లోయ కథ ఇలాంటిదే. ఓడలు సరకులతోపాటు కథలను కూడా రేవునుండి రేవుకు మోసుకొనిపోయేవి. అయితే మార్కోపోలో ఇంకొక మాట కూడా వ్రాశాడు. వానలు వెలిసిన తరువాత వాగుల అడుగున జనం వజ్రాలు వెదకుతారని అన్నాడు. ఇది నిజం. కృష్ణా తీరంలో గులకరాళ్ళ మట్టిని త్రవ్వి, కడిగి వజ్రాలు తీసేవారు. పాముల కాపలా కల్పన, వాగుల వెదకులాట వాస్తవం. దూరదేశపు కథలో ఈ రెండూ కలిసిపోవడం సహజం.

పరదేశి క్రొత్త వస్తువును చూచినపుడు తనకు తెలిసిన వస్తువుతో పోల్చుకొంటాడు. మన చింతపండును చూచిన అరబ్బులు దానిని ‘తమర్ హింది’ అన్నారు. అనగా ‘హిందూదేశపు ఖర్జూరం’. చింతచెట్టుకూ ఖర్జూరపు చెట్టుకూ చుట్టరికమే లేదు. అయినా ఖర్జూరం తిని పెరిగినవారికి ఆ పోలికే తోచింది. ఆ మాటనుండే ఇంగ్లీషువారి ‘టామరిండ్’ పుట్టింది.

వినికిడిని చూపుతో దిద్దినవాడు

1304లో మొరాకో దేశంలోని టాంజియర్‌లో పుట్టిన ఇబ్న్ బతూతా గొప్ప యాత్రికుడు. అతడు 1340 దశకంలో కేరళ తీరాన మిరియపు తోటలను చూచాడు. మిరియపు తీగెలు ద్రాక్షతీగెలవలె ఉంటాయనీ, కొబ్బరిచెట్లను చుట్టుకొని పైకి ప్రాకుతాయనీ వ్రాశాడు. మిరియపు గింజ ముడుతలు పడి ఉంటుంది కదా! దానిని నిప్పుమీద వేయించడం వల్ల అలా అవుతుందని తన దేశంలో చాలామంది అనుకొనేవారట. అది సరికాదు, ఎండలో ఆరబెట్టడం వల్లనే ముడుతలు పడతాయి అని అతడు స్పష్టంగా వ్రాశాడు.

ఇది చిన్న విషయమే. కాని ఇందులో పెద్ద పాఠం ఉన్నది. ఇంటివద్ద విన్న మాటను, అక్కడికి వెళ్ళి కంటితో చూచిన తరువాత దిద్దుకొన్నాడు. శాస్త్రజ్ఞానానికి తొలిమెట్టు ఇదే.

జ్వరాల అడవి

ఐరోపావారిలో చాలామందికి మన అడవి అంటే ముందుగా గుర్తుకు వచ్చేది జ్వరం. కొండలలోకి వెళ్ళిన సైనికులు, ఉద్యోగులు చలిజ్వరంతో పడిపోయేవారు. అడవిలో కుళ్ళిన ఆకులనుండి, బురదనుండి పుట్టే చెడుగాలి వల్ల జ్వరం వస్తుందని వారు నమ్మారు. ‘మలేరియా’ అన్న ఇటలీ మాటకు అర్థమే ‘చెడ్డగాలి’. అందుచేత అడవి అంటేనే విషమని, చెట్లు నరికివేస్తే ఆరోగ్యమని తలచినవారు ఉండేవారు.

ఈ భ్రమ తొలగడానికి తెలుగునేలమీదనే దారి ఏర్పడింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో ఆంగ్ల సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఈ కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. నేరం గాలిది కాదు, దోమదని తేలింది. అడవిమీద ఎంతోకాలంగా మోపిన నింద అలా తొలగిపోయింది.

సామర్లకోట వైద్యుడు

అడవిని పుస్తకంవలె చదివినవారిలో విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. స్కాట్లండులో 1751లో పుట్టిన ఈ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసుకు వచ్చి, 1781 నుండి కాకినాడ దగ్గరి సామర్లకోటలో ఉన్నాడు. కంపెనీకి కావలసింది వ్యాపారం. మిరియాలు మలబారులో కొనే బదులు ఇక్కడే పండించగలిగితే లాభమని వారి ఆలోచన. రాక్స్‌బర్గ్ ఉత్తరాన ఉన్న కొండలలో అడవి మిరియపు తీగెలను గుర్తించి, సామర్లకోట తోటలో పెంచే ప్రయత్నం చేశాడు. డేరా బజారులోని గోతాములకూ ఆ తోటకూ సంబంధం ఇదే. పరదేశులను మన అడవి దాకా నడిపించిన వస్తువులలో మిరియం ఒకటి.

అయితే ఆయన చూపు మిరియాల దగ్గర ఆగలేదు. ప్రతిదినం ఎండను, వానను, గాలిని కొలిచి వ్రాసుకొన్నాడు. 1787లో వచ్చిన పెద్ద ఉప్పెనలో ఆయన సేకరించిన మొక్కలు, పుస్తకాలు కొట్టుకొనిపోయాయి. ఆయన మళ్ళీ మొదటినుండి ప్రారంభించాడు. 1790 ప్రాంతంలో ఉత్తర సర్కారులలో వానలు లేక ఘోరమైన కరువు వచ్చి జనం మరణించడం కళ్ళారా చూచాడు. కరువులో ప్రాణం నిలిపే కొబ్బరి మొదలైన చెట్లను విరివిగా నాటాలని కంపెనీకి సలహా ఇచ్చాడు. లాభం కోసం పంపబడిన మనిషి చెట్టులో పేదవాని ఆకలి తీర్చే అన్నాన్ని చూచాడు.

చెట్ల బొమ్మలు గీయడానికి ఆయన ఈ దేశపు చిత్రకారులను నియమించాడు. మొక్క పేరును, దాని ఉపయోగాన్ని ఊరి జనాన్ని అడిగి తెలుసుకొని, తెలుగు పేరును కూడా వ్రాసుకొన్నాడు. ఆ బొమ్మలతో ‘కోరమండల్ తీరపు మొక్కలు’ అనే మహాగ్రంథం లండన్‌లో 1795 నుండి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడింది. అందులో 300 చిత్రాలున్నాయి.

ఒక్క ఉదాహరణ చూడండి. మన అడవులలో సోమిద అనే చెట్టు ఉన్నది. దాని బెరడు కషాయం జ్వరానికి మందు అని మనవారికి తెలుసు. రాక్స్‌బర్గ్ ఆ సంగతి లోకానికి తెలిపాడు. నేడు ప్రపంచమంతటా వృక్షశాస్త్రజ్ఞులు ఆ చెట్టును ‘సోయ్మిడా ఫెబ్రిఫ్యూగా’ అంటారు. మొదటిమాట మన సోమిదయే. రెండవ మాటకు లాటిన్ భాషలో ‘జ్వరాన్ని పారద్రోలేది’ అని అర్థం. పేరూ మనదే, మందు తెలిసినదీ మనవారికే.

బంగారు పాము

డేరాలో బంగారు నగల బజారు కూడా ఉన్నది కదా! ‘బంగారు’ అన్న తెలుగుమాట ఒక పాము పేరులో చేరి ప్రపంచమంతా తిరిగిందని మీకు తెలుసా?

రాక్స్‌బర్గ్ కాలంలోనే విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ అనే మరొక వైద్యుడు ఉండేవాడు. అంతకుముందు ఆయన సిరియా దేశపు అలెప్పో, అనగా హలబ్ నగరంలో దాదాపు 20 సంవత్సరాలు వైద్యం చేశాడు. 1781లో తెలుగు తీరానికి వచ్చాడు. పాముకాటుతో జనం చనిపోవడం చూచి, ఏ పాముకు విషం ఉన్నది, ఏ పాముకు లేదు అని అందరూ గుర్తించగలిగే పుస్తకం కావాలనుకొన్నాడు. పాములు పట్టేవారు తెచ్చిన పాములను పరీక్షించి, వారు చెప్పిన పేర్లను వ్రాసుకొన్నాడు. 1796లో ఆయన గ్రంథం వెలువడింది. పాముల బొమ్మలతోపాటు తెలుగు పేర్లు అందులో ఇంగ్లీషు లిపిలో అచ్చయ్యాయి. 1803లో విశాఖపట్నం చేపలు 200 రకాలను గూర్చి ఇంకొక గ్రంథం వచ్చింది. అందులోను తెలుగు పేర్లు ఉన్నాయి.

పసుపు, నలుపు పట్టీలుగల ఒక విషసర్పాన్ని మనవారు ‘బంగారు పాము’ అని చెప్పారు. దానిని బట్టి 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డౌడిన్ ఆ జాతికి ‘బంగారస్’ అని పేరుపెట్టాడు. మన కట్లపాము కూడా ఆ జాతిలోనిదే. ఇలాగే మన ‘పందికొక్కు’ ఇంగ్లీషువారి నోట ‘బాండికూట్’ అయినది. తరువాత ఆస్ట్రేలియాలోని వేరొక జంతువుకు కూడా ఆ పేరే అతికించారు.

ఇక రెండవ కథ వినండి. ‘కటుక రేకుల పొడ’ అని మనవారు చెప్పిన పామును కూడా రస్సెల్ తన గ్రంథంలో చేర్చాడు. దానినే మనం రక్తపింజర అంటాము. 1797లో దానికి శాస్త్రీయమైన పేరు పెట్టినపుడు రస్సెల్ పేరునే పెట్టారు. నేడు ప్రపంచం దానిని ‘రస్సెల్ వైపర్’ అంటున్నది. రస్సెల్ కృషి గొప్పదే, సందేహం లేదు. కాని ఆ పామును ప్రాణాలకు తెగించి పట్టి తెచ్చినవాడెవరు? అతని పేరు ఏ పుస్తకపు అట్టమీదా లేదు. రాక్స్‌బర్గ్ గ్రంథానికి రేకురేకునూ గీసిన చిత్రకారుల పేర్లు కూడా దాని ముఖపత్రం మీద లేవు.

పేరు చెప్పినవారు

ఇతర దేశాలలో కూడా ఇలాగే జరిగింది. మీ తరగతిలోని మలయాళ స్నేహితులను అడిగితే ‘హోర్తుస్ మలబారికుస్’ అనే గ్రంథం గూర్చి చెప్పవచ్చు. 1678 నుండి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా అచ్చయిన ఆ వృక్షగ్రంథాన్ని డచ్చి అధికారి వాన్ రీడ్ సిద్ధం చేయించాడు. కాని ఇట్టి అచ్యుతన్ అనే కేరళ వైద్యుడు తనకు తెలిసిన మొక్కల సంగతులు చెప్పాడని అందులోనే స్పష్టంగా అచ్చువేశారు. 1854 నుండి 1862 వరకు మలయా ద్వీపాలలో తిరిగిన వాలెస్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తన సహాయకుడైన అలీ అనే యువకుని సేవను గ్రంథాలలో కొనియాడి, అతని ఛాయాచిత్రాన్ని కూడా ప్రచురించాడు. సహాయం చేసినవాని పేరు చెప్పడం వల్ల ఈ గ్రంథకర్తల గౌరవం తగ్గలేదు, పెరిగింది.

కలప లెక్క

19వ శతాబ్దంలో రైలుమార్గాలు వచ్చాయి. పట్టాలక్రింద వేసే దిమ్మెలకు, ఇంజనులలో మండించే కట్టెలకు అడవులు విపరీతంగా నరికారు. ఆ నష్టాన్ని చూచి హెచ్చరించినవాడు కూడా ఒక పరదేశియే. వైద్యుడైన క్లెగ్‌హార్న్ 1856లో మద్రాసు రాజధాని అడవుల సంరక్షణాధికారి అయ్యాడు. 1861లో దక్షిణ దేశపు అడవులను గూర్చి ఒక గ్రంథం వ్రాశాడు.

కాని సర్కారు లెక్కలో అడవి అంటే ముఖ్యంగా టేకు, మద్ది, వేగి మొదలైన కలప. ఇప్పపువ్వు ఏరుకొనే తల్లి, పోడు కొట్టి సామలు, జొన్నలు పండించుకొనే రైతు ఆ లెక్కలో అడ్డుగా కనిపించారు. చిన్న చెక్కను నరికి, కాల్చి, కొన్నేళ్ళు పండించి, మళ్ళీ అడవి పెరగడానికి వదలడమే పోడు. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం ఇటువంటి వాడుకలను కట్టడి చేసింది. ఆ కష్టాలు కూడా పోగై, 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం పోరాటంగా మండాయి. చెట్టును మాత్రమే చూచి, చెట్టుక్రింది మనిషిని చూడకపోతే ఏమి జరుగుతుందో ఈ చరిత్ర చెబుతుంది.

కలివికోడి

చివరగా ఒక పక్షి కథ. 19వ శతాబ్దంలో జెర్డన్ అనే సైనిక వైద్యుడు మన తూర్పు కనుమల ప్రాంతంలో ఒక అరుదైన పక్షిని కనుగొన్నాడు. 1848లో శాస్త్రలోకానికి దాని వర్ణన అందింది. 1900 తరువాత అది ఎవరికీ కనబడలేదు. అది నశించిపోయిందనే చాలామంది తలచారు.

1980 దశకంలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారు దాని బొమ్మను కడప ప్రాంతపు పల్లెలలో చూపించి అడిగారు. కలివిపొదల మధ్య రాత్రివేళ తిరిగే ఆ పక్షిని అక్కడివారు ‘కలివికోడి’ అంటారు. 1986 జనవరిలో ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టి తెచ్చాడు. 86 సంవత్సరాలుగా శాస్త్రజ్ఞులకు లేని పక్షి, కలివిపొదల ప్రక్కన బ్రదికేవారికి ఉండనే ఉన్నది! తరువాత దాని రక్షణ కోసం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఇప్పటికీ అది అత్యంత అరుదైన పక్షియే.

మన పని

బాలలారా! పరదేశులందరూ మంచివారని గాని, చెడ్డవారని గాని ఈ పాఠం చెప్పడం లేదు. దూరంనుండి విన్నవారికి అడవిలో వజ్రాల లోయలు కనిపించాయి. భయపడినవారికి చెడుగాలి కనిపించింది. లాభం చూచినవారికి కలప కనిపించింది. అక్కడివారి ప్రక్కన నిలిచి ‘ఇది ఏమిటి?’ అని అడిగినవారికి మాత్రమే అడవి తన పేర్లను చెప్పింది.

ఆ పేర్లు నేడు ఎవరివద్ద ఉన్నాయి? సోమిద అంటే తెలిసినవారు తగ్గిపోతున్నారు. మీ తాతయ్యకు 40 చెట్ల పేర్లు తెలిస్తే మీ నాన్నగారికి 20 తెలుసునేమో! మీకెన్ని తెలుసు? పేరు తెలియని చెట్టు కళ్ళముందున్నా కనబడదు. పేరు మరచిన జాతికి అడవి మళ్ళీ పరదేశమే అవుతుంది.

డేరాలో అడవి లేదే అని బాధపడకండి. ఖోర్ చివరన రాస్ అల్ ఖోర్ వద్ద మడచెట్లు ఉన్నాయి. అరబ్బీలో వాటిని ‘ఖుర్మ్’ అంటారు. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరింగ అడవిలో కూడా ఈ మడజాతి పెరుగుతుంది. శాస్త్రజ్ఞులు దానిని ‘అవిసెన్నియా’ అంటారు. మహావైద్యుడు ఇబ్న్ సీనా పేరు ఐరోపావారి నోట ‘అవిసెన్నా’ అయినది. ఆయన పేరునే ఈ చెట్టుకు పెట్టారు. మీ తాతగారి ఊరి తీరానా, మీ బడి దగ్గరి తీరానా ఒకే చెట్టు ఉప్పునీటిలో వేళ్ళూని నిలిచి ఉన్నది. దానిని ఈసారి చూచినపుడు పరదేశిలా చూడకండి. పేరుపెట్టి పలుకరించండి.

అర్థాలు

ఉష్ణమండలం = వేడి ఎక్కువగా ఉండే భూభాగం
సంపుటం = గ్రంథంలో ఒక భాగం
బెరడు = చెట్టు మానుపై ఉండే పట్ట
కషాయం = మూలికలను నీటిలో మరిగించి తీసిన మందు
ముఖపత్రం = పుస్తకం పేరు, రచయిత పేరు ఉండే మొదటి పుట
వేళ్ళూను = వేళ్ళు నాటుకొని స్థిరపడు

ప్రశ్నలు

1. మార్కోపోలో వ్రాసిన వజ్రాల కథలో కల్పన ఏది? వాస్తవం ఏది?
2. మిరియపు గింజను గూర్చి ఇబ్న్ బతూతా దిద్దిన పొరపాటు ఏమిటి?
3. అడవిమీద మోపిన ఏ నింద సికింద్రాబాదులో తొలగింది?
4. ‘బంగారస్’, ‘రస్సెల్ వైపర్’ ఈ రెండు పేర్ల మధ్యగల భేదాన్ని మీ మాటలలో వివరించండి. రెండింటిలో ఏది న్యాయంగా ఉన్నదని మీరు తలుస్తారు? ఎందుకు?
5. అడవిని రక్షించేటప్పుడు అందులోని మనుషులను ఎందుకు గుర్తుంచుకోవాలి?

భాషాభాగం

సంధి: అభయ + అరణ్యం = అభయారణ్యం (సవర్ణదీర్ఘ సంధి); ఏనాడు + ఐనా = ఏనాడైనా (ఉత్వ సంధి).
సమాసం: ఉష్ణమండలం = ఉష్ణమైన మండలం (విశేషణ పూర్వపద కర్మధారయం); పాముకాటు = పాముయొక్క కాటు (షష్ఠీ తత్పురుషం).
సొంత వాక్యాలలో ప్రయోగించండి: కళ్ళారా, ప్రాణాలకు తెగించి, వేళ్ళూని.

చేయవలసిన పని

1. ఇంట్లో పెద్దవారిని, లేదా ఫోనులో అమ్మమ్మను, తాతయ్యను అడిగి పది చెట్ల తెలుగు పేర్లు వ్రాయండి. ఒక్కొక్క చెట్టు దేనికి ఉపయోగమో వారు చెప్పినట్లే వ్రాయండి. చెప్పినవారి పేరును తప్పక క్రింద వ్రాయండి.
2. సుగంధ ద్రవ్యాల బజారులో అమ్మే ఐదు వస్తువులకు తెలుగు, అరబ్బీ పేర్లు సేకరించి పట్టికగా వ్రాయండి.